నర్సమ్మల పరీక్షకు నేను పిచ్చిదాన్నయిన వైనం

ఆ రోజుల్లో వంటమనిషికి కోపం వచ్చిందంటే దాన్ని ఎవరూ కోపంగా లెక్కవేసేవారు కాదు. పప్పులో ఉప్పు ఎక్కువైతే "ఇవాళ వంటక్కకు తలనొప్పేమో" అనేవారు, గిన్నెలు గట్టిగా మోగితే "పిల్లి దూరిందేమో చూడండి" అనేవారు. పెద్దవాళ్ల కోపానికి కారణం ఉంటుంది, చదువుకున్నవాళ్ల కోపానికి ఒక పేరు ఉంటుంది, మా కోపానికి మాత్రం చప్పుడు తప్ప ఇంకేమీ ఉండదు. ఈ మాట చాలా ఏళ్లుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. జుట్టు నెరిసిన తర్వాత కోడలి దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను (కోడలు గోదావరి అవతలి పిల్ల, మంచి ఓపికస్తురాలు, అయినా ఒత్తుల దగ్గరికి వచ్చేసరికి "ఇవాళ్టికి చాలు అత్తా" అని లేచిపోయేది). అక్షరాలు చేతికి లొంగాక ముందు ఏం రాద్దామని కూర్చుంటే మంచి మాట ఒక్కటీ తట్టలేదు. భోపాల్ నుంచి వచ్చి, నన్ను పిచ్చిదాన్ని చేసి, నా చేతి అన్నం తిని వెళ్లిన పెద్ద సారే కళ్లముందుకు వచ్చాడు. 'వచ్చారు' అని రాయమంది కోడలు. రాయను. చదివేటప్పుడు మీరు నవ్వుకోండి, నేనేమీ అనుకోను. నేను మాత్రం కోపంతోనే చెబుతాను.

నేను వంట చేసింది దంతెవాడలో, నర్సు చదువుకు వచ్చిన ఆడపిల్లల హాస్టల్లో. అప్పటికి మా జిల్లా ఇన్ని ముక్కలు కాలేదు, అంతా ఒకటే బస్తర్. పెద్ద ఆఫీసర్లూ పెద్ద పరీక్షలూ భోపాల్ వైపు నుంచి దిగేవి. మాది తర్లగూడ దగ్గర కూలి కుటుంబం. మేనమామ జీపు తోలేవాడు, ఆయనే తీసుకొచ్చి నన్ను ఆ వంటింట్లో నిలబెట్టాడు. పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు, చిన్నాపెద్దా అందరికీ 'వంటక్క'నే. హాస్టల్లో హల్బీ మాట్లాడేవాళ్లు కొందరు, గోండి మాట్లాడేవాళ్లు కొందరు, కూరలో కారం ఎక్కువైతే మాత్రం అందరూ హిందీలోనే తిట్టేవారు. తెలుగు మాట్లాడేవాళ్లం ముగ్గురమే. నేనూ, భోపాలపట్నం వైపు నుంచి వచ్చిన ఒక బక్కపిల్లా, ట్యూటరమ్మా. ట్యూటరమ్మది గోదావరి జిల్లా, భర్తకు గనుల్లో ఉద్యోగం కాబట్టి మా అడవిలోకి వచ్చిపడింది. మంచిదే, కానీ పైనుంచి ఎవరైనా వస్తున్నారంటే ఆమెకు కాళ్లూ చేతులూ ఆడేవి కావు.

ఆ ఏడాది పిల్లలకు మెదడు పాఠం, మనసు జబ్బుల పాఠం కలిపి ఒకే పరీక్ష. మెదడు అంటే సున్నంతో చేసిన బొమ్మ ఒకటి ఉండేది, ముక్కలుగా ఊడేది, ఒక్కో ముక్కకు ఒక్కో రంగు. దాని మీద దుమ్ము దులిపేది నేనే. ఒకసారి దులుపుతుండగా వెనకవైపు ముక్క కింద పడి కొస విరిగితే అన్నం మెతుకులతో అతికించాను, ఆ సంగతి ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఇంకోసారి ట్యూటరమ్మ సంత నుంచి మేక మెదడు తెప్పించి బల్లమీద పెట్టి కోసి చూపించింది. చూపించాక దాన్ని పారేయమంది. పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ వేసి వేయిస్తే ఎంత బాగుంటుందో తెలిసినదాన్ని, నా చేతులతో నేనే గోతిలో పూడ్చాను. ఆ రోజు మధ్యాహ్నం చాలా గిన్నెలు మోగాయి. మిగిలిన రోజులన్నీ ఆ పిల్లల బట్టీ మోత. వంటింటి గోడకు అవతలే వాళ్ల గది. పొద్దున లేస్తే పెద్దమెదడు, చిన్నమెదడు, ముందు భాగం ఆలోచన, వెనక భాగం చూపు అంటూ మొదలుపెట్టేవారు. ఇవతల నేను కందిపప్పు కడుగుతూ వినేదాన్ని.

బక్కపిల్ల సంగతి చెప్పాలి. ఆమె నాన్న కూలి మనిషి. చలికాలం రాగానే ఇంటిల్లిపాదీ సరిహద్దు దాటి అవతలి మిరప తోటల్లో కాయలు ఏరడానికి పోయేవారు. ఈ పిల్ల మొండికేసి చదువుకు వచ్చింది. "ఈసారి తప్పితే పుస్తకాలు సందూకుల పెట్టి మిరపతోటకు రావాలె" అని నాన్న ముందే చెప్పి పంపాడు. మిరపకాయలు ఏరిన చేతులు ఎట్లా మండుతాయో నాకు తెలుసు. ఆ పిల్లకూ తెలుసు. అందుకని అందరూ పడుకున్నా చదివేది, అన్నం తింటూ చదివేది, చివరికి నా దగ్గర ఉల్లిగడ్డలు తరుగుతూ కూడా చదివేది. ఉల్లిపాయ పొరలు చూపించి "మెదడుకూ ఇట్లనే పొరలుంటయక్కా" అని చెప్పేది. "మెదడు తరిగితే కండ్లల్ల నీళ్లొస్తయా మరి?" అని నేను అడిగితే "పరీక్ష దగ్గరికొస్తే వస్తయి" అనేది.

పరీక్షకు ముందు చీటీలు తీశారు. అందరికీ మెదడు బొమ్మ మీద ప్రశ్నలు పడ్డాయి. బక్కపిల్లకు మాత్రం మనసు జబ్బున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడించి, జబ్బేమిటో చెప్పి, చేయాల్సిన సేవ చేసి చూపించాలని పడింది. దానికి మనిషి సిద్ధంగానే ఉన్నాడు. పక్క ఆసుపత్రిలో భేజ్జి నుంచి వచ్చిన ఒకాయన చాలా రోజులుగా ఉంటున్నాడు, మేమంతా భేజ్జి మామ అనేవాళ్లం. పైకప్పుతో నెమ్మదిగా మాట్లాడుకునేవాడు. దుప్పటి చక్కగా మడతపెట్టుకునేవాడు. నేను గంజి తీసుకెళితే "నువ్వు తిన్నవా కోడలా?" అని అడిగేవాడు, ఆ ఆసుపత్రి మొత్తంలో నన్ను ఆ మాట అడిగింది ఆయనొక్కడే. తీరా పరీక్ష రోజు పొద్దున్నే ఆయన కొడుకులు వచ్చి మామను బస్సెక్కించుకుని పోయారు. ఊళ్లో దేవర పండుగట, డోలు మామే మొదలుపెట్టాలట, మామ చెయ్యి పడకపోతే దేవర కదలదట. ఊళ్లో ఆయన లేనిదే పని జరగదు, ఇక్కడేమో ఆయన పిచ్చివాడు. ఎవరి మాట ఒప్పో నేను చెప్పలేను గానీ, ఆ పొద్దున పరీక్షకు పేషెంటు లేకుండా పోయాడన్నది మాత్రం నిజం.

భోపాల్ సారు అప్పటికే వచ్చి వరండాలో టీ తాగుతున్నాడు. ట్యూటరమ్మ పరుగున వంటింట్లోకి వచ్చింది, వెనకే బక్కపిల్ల, మొహంలో నెత్తురు లేదు.

"అమ్మాయ్, ఓ గంట నువ్వు పిచ్చిదానివి అవ్వాలి" అంది ట్యూటరమ్మ, ఉప్పు అరువు అడిగినంత తేలిగ్గా.

"ఏందమ్మా? నేనెందుకైత? నాకు చారుకు తాలింపు వెయ్యాలె."

"పేషెంటు లేకపోతే ఈ పిల్లకి సున్నా వేస్తాడే. దీని బతుకు నీ చేతుల్లో ఉంది. నీకేం కష్టం? జుట్టు విరబోసుకో, ఊరికే నవ్వు, గోడతో మాట్లాడు. అంతే కదా."

"భేజ్జి మామ జుట్టు విరబోసుకున్నడా ఎప్పుడన్న? ఎప్పుడు నవ్విండు?"

"మామ సంగతి నాకెందుకు? సారుకి చూడగానే తెలియాలి."

నాకు అప్పుడే కోపం మొదలైంది. పొద్దున్నే ఆముదం రాసుకుని బిగించి జడ వేసుకున్నాను, దాన్ని విప్పమంటుంది. కానీ బక్కపిల్ల ఏమీ అడగలేదు. నా కత్తిపీట దగ్గర నిలబడి తన అరచేతులు చూసుకుంటోంది. ఆ చూపు ఎక్కడికి పోతోందో నాకు తెలుసు, మిరపతోటకే. జడ విప్పాను.

పరీక్ష గదిలో పిల్లలంతా గోడవారన నిలబడ్డారు. బల్ల మీద సున్నపు మెదడు. బల్ల వెనక భోపాల్ సారు, కళ్లద్దాలు, పొట్ట, చేతిలో కలం. నేను లోపలికి వెళ్లి, చెప్పినట్టే గోడ వైపు తిరిగి నవ్వాను. నవ్వు రాలేదు, దగ్గు వచ్చింది. జుట్టు నోట్లోకి పోయింది. గోడతో ఏం మాట్లాడాలో తోచక "సున్నం ఎప్పుడు వేసిన్రే నీకు?" అని అడిగాను. గోడవారన ఉన్న హల్బీ పిల్ల ఒకతి కొంగు నోట్లో కుక్కుకుంది.

సారు కలం కింద పెట్టాడు. "ఇదంతా నాటకం" అన్నాడు హిందీలో. "సినిమా పిచ్చి ఇది. నిజమైన రోగి ఇలా ఉండదు. ఎవరు నేర్పారు ఈమెకు?"

ట్యూటరమ్మ కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టింది. (ఆ రోజంతా తుడుస్తూనే ఉంది, ఆ అద్దాలు ఎట్లా అరిగిపోలేదో నాకు తెలియదు.) సారు నా జుట్టు ముడివేయించి, స్టూలు మీద కూర్చోబెట్టి, "నేనే అడుగుతాను. నిజం నిజంగా చెప్పు. నిజం చెబితే తేలిపోతుంది" అన్నాడు. నా ప్రాణం కుదుటపడింది. నిజం చెప్పడం నాకు వచ్చిన పనే. నాది సంత హిందీ, కోపం వస్తే తెలుగులోకి జారిపోతుంది, అప్పుడు బక్కపిల్ల అందుకుని సారుకు తిప్పి చెప్పేది. ఇక్కడ అన్నీ తెలుగులోనే రాస్తున్నాను.

"నీ పేరేమిటి?"

"ఏ పేరు సార్?"

"ఎన్ని ఉన్నాయి నీకు?"

"ఇప్పుడు పిలిచేది ఒకటి. చిన్నప్పటిది ఒకటి. అది చెప్పరాదు."

"ఎందుకని?"

"చిన్నగున్నప్పుడు ఆ పేరు మీద జబ్బు చేసింది. పేరు మార్చినంక పోయింది. మళ్ల ఆ పేరు పలికితే దానికి వినబడ్తది."

"దేనికి వినబడుతుంది?"

"జబ్బుకు."

"జబ్బుకు చెవులుంటాయా?"

"లేకపోతే అంతమంది పిల్లలల్ల నన్నే ఎట్ల దొరకబట్టింది సార్?"

సారు కలం చేతిలోకి తీసుకున్నాడు. మా వైపు ప్రతి ఇంట్లో పేరు మార్చిన పిల్ల ఒకతి ఉంటుంది. ఆ సంగతి ఆయనకు ఎవరు చెప్పాలి?

"ఇవాళ ఏ వారం?"

"గీదం సంత తెల్లారి."

"నేను సంత అడగలేదు. వారం అడిగాను."

"అదే చెప్తున్న గద సార్. నిన్న గీదం సంత. ఇయ్యాల దాని తెల్లారి. ఉల్లిగడ్డలు నిన్ననే తెచ్చిన, కావాల్నంటే చూడుండ్రి."

సోమవారం అనాలట. సంతను బట్టి కాకుండా దినాన్ని ఎట్లా గుర్తు పెట్టుకుంటారో, ఆ భోపాల్‌లో ఉల్లిగడ్డలు ఎప్పుడు కొంటారో నాకు అర్థం కాలేదు. సారు రాసుకున్నాడు.

"వందలోంచి ఏడు తీసెయ్."

"ఏంది తియ్యాలె?"

"ఏడు."

"ఏడు ఏంది సార్? గుడ్లా, తునికాకు కట్టలా?"

"ఏవీ కావు. ఉత్త అంకెలు."

"ఉత్త అంకెలు ఎవరు తీసేస్తరు?"

"సరే, గుడ్లే అనుకో."

"ఎందుకు తీస్తున్నరు? పగిలినయా?"

గోడవారన మళ్లీ ఎవరో దగ్గారు. సారు మొహంలో మాత్రం సంతోషం మెల్లగా పెరుగుతోంది, పొంగడానికి ముందు పాలలాగా. దారిలో చిరునామా రాసి, స్టాంపు అంటించిన ఉత్తరం ఒకటి పడి కనిపిస్తే ఏం చేస్తావని అడిగాడు. ముట్టుకోకుండా పక్కనుంచి తిరిగిపోతానని చెప్పాను. మా దగ్గర దారిలో పడున్నది ఏదైనా, నిమ్మకాయ కానీ గుడ్డపేలిక కానీ, ఎవరో తమ రోగాన్ని దింపి పెట్టిపోయింది అయ్యుంటుంది. బుద్ధి ఉన్నవాళ్లు దాన్ని ముట్టుకోరు. "ముట్టుకుంటే ఏమవుతుంది?" అన్నాడు. "నాకు తగుల్తది" అన్నాను. "అచ్ఛా, ఎవరో నీకు కీడు చేయాలని పెట్టారన్నమాట" అన్నాడు. "నాకని పెట్టలే సార్, ఎవరు తొక్కితే వాళ్లకు" అన్నాను. అప్పటికే రాయడం అయిపోయింది.

తర్వాత కుర్చీ ముందుకు జరుపుకుని, గొంతు తగ్గించి అడిగాడు. "మనుషులు కనిపించకుండా, ఉత్త గొంతులు మాత్రం వినిపిస్తాయా నీకు?"

"వినిపిస్తయి." వంటింట్లో ఉన్నదాన్ని, గోడకు అవతల పిల్లలు కనిపిస్తారా ఏమిటి? గొంతులే కదా వినిపించేది.

"ఎప్పుడెప్పుడు?"

"పొద్దున లేస్తే అవే. రాత్రి పండుకునేదాంక అవే. చెవులు బద్దలైతన్నయి సార్."

"ఏం చెబుతాయి ఆ గొంతులు?"

"మెదడు గురించి చెప్తయి. ముందు భాగం ఇట్ల, వెనక భాగం అట్ల అని."

సారు చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. "నీ మెదడు గురించా?"

"ఎవరి మెదడో నాకేం తెలుసు?"

"నిన్ను ఏమైనా చేయమని ఆజ్ఞలు ఇస్తాయా?"

"ఇస్తయి. వంటక్కా, టీ పెట్టు అంటయి."

"పెడతావా?"

"పెట్టకపోతే ఊకుంటయా?"

అప్పుడు ఆయన లేచి నిలబడ్డాడు. "బహుత్ బఢియా కేసు!" అన్నాడు. ఇంత చక్కని కేసు తను చాలా కాలంగా చూడలేదట, ముందు నాటకంలా కనిపించింది కూడా జబ్బులో భాగమేనట. ట్యూటరమ్మ కళ్లద్దాలు పెట్టుకుని నా వైపు చూసిన చూపులో ఎంత ప్రేమ ఉందో చెప్పలేను. పరీక్ష గట్టెక్కిందని నేనూ లేవబోయాను. "కూర్చో" అన్నాడు సారు. ఇంత ముదిరిన రోగిని ఇక్కడ ఉంచకూడదట. తన జీపులో జగదల్‌పూర్ తీసుకుపోయి, అక్కడి నుంచి పెద్ద పిచ్చాసుపత్రికి పంపిస్తాడట.

చూడండి, నా కోపం అసలు అక్కడ మొదలైంది. అంతకు ముందుదంతా పొయ్యి రాజేసినట్టే.

"నాకేం పిచ్చి లేదు!" అన్నాను.

సారు పిల్లల వైపు తిరిగాడు. "రాసుకోండి. రోగికి తన రోగం తెలియదు."

"నేను ఇక్కడి వంటమనిషిని! వీళ్లనడుగుండ్రి!"

"రాసుకోండి. తను వేరే ఎవరో అనుకుంటుంది."

ట్యూటరమ్మను చూశాను. కళ్లద్దాలు మళ్లీ చేతిలోకి వచ్చాయి. ఆమె నోరు విప్పితే పరీక్ష మొత్తం రద్దవుతుంది, ఆమె ఉద్యోగం మీదికి వస్తుంది. నేను గట్టిగా అరిచాను, ఉద్రేకం అని రాయించాడు. నోరు మూసుకుని కూర్చున్నాను, ముడుచుకుపోవడం అని రాయించాడు. ఇక చేసేది లేక నవ్వొచ్చింది, కారణం లేని నవ్వు అని రాయించాడు. ఏం చేసినా ఆయన దగ్గర దానికి ఒక పేరు సిద్ధంగా ఉంది. ఆ పిల్లలంతా, నా చేతి అన్నం తినే పిల్లలు, తలలు వంచుకుని గబగబా రాసుకుంటున్నారు. ఒకతి 'ఉద్రేకం' దగ్గర ఆగిపోయి పక్కదాని పుస్తకంలోకి తొంగి చూసింది. మా ఊరికి ఈ మాట పోతే అమ్మ ఏమవుతుందో తలచుకున్నాను. ఆ జీపు ఎక్కినదాన్ని మళ్లీ ఎవరు దింపుతారు? నాకు పిచ్చి లేదని ఎవరి ముందు చెప్పినా వాళ్లూ రాసుకుంటారు కదా?

సారు బక్కపిల్లను పిలిచాడు. "ఇప్పుడు నీ పని. రోగి ఉద్రేకంలో ఉంది, శాంతించడానికి ఇంజెక్షన్ ఇవ్వు. ఇదే నీ పరీక్ష. ఇది అయితే నువ్వు పాస్."

మందు పేరు చెప్పాడు. ఆ పిల్ల సీసా తీసుకుంది, సూదిలోకి మందు ఎక్కించింది, గాలి బుడగ తీసింది. అన్నీ సరిగ్గా చేసింది. నా దగ్గరికి వచ్చి, జబ్బ మీద దూదితో తుడిచింది. నేను అరవడం మానేశాను. ఆ సూది గుచ్చితే ఆమె నర్సు అవుతుంది, నేను జీపు ఎక్కుతాను. గుచ్చకపోతే ఆమె మిరపతోటకు పోతుంది. ఇది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు, ట్యూటరమ్మకూ తెలుసు. సారుకు ఒక్కడికే తెలియదు.

"కానివ్వు" అన్నాడు ఆయన.

బక్కపిల్ల సూది పళ్లెంలో పెట్టేసింది. "సార్, ఈమె పేషెంట్ కాదు. మా వంటక్క. ఆ గొంతులు మావే. మేం చదువుకునేటివి ఆమెకు గోడలకెల్లి వినబడ్తయి. పొద్దున మీరు తిన్న అటుకుల పోహా ఈమె చేసిందే."

సారు ట్యూటరమ్మను చూశాడు, ట్యూటరమ్మ నేలను చూసింది. ఆయన మొహం ఎర్రబడింది, తెల్లబడింది, మళ్లీ మామూలు రంగుకు వచ్చింది. ఏదో ఒక మంచి మాట వస్తుందని నేను ఎదురుచూశాను. పొరపాటు పడ్డానని అనక్కర్లేదు, కనీసం నవ్వేసినా సరిపోయేది. ఆయన ఏమన్నాడో తెలుసా?

"వంటమనిషే కావచ్చు. అంతమాత్రాన జబ్బు లేదని ఎలా అంటాం?"

ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా పెన్ను కాగితంలోకి దిగబడుతోంది.

అంతటితో ఆగలేదు. పరీక్ష రద్దు చేస్తే పైనుంచి తననూ అడుగుతారు, ఇంత సేపు ఏం పరీక్షించావని. అందుకని మోసం సంగతి మింగేశాడు, నన్ను జీపెక్కించే మాటా దానితోపాటే మింగేశాడు. మెదడు బొమ్మ ముక్కలు పేర్చినవాళ్లంతా పాస్. బక్కపిల్ల మాత్రం ఫెయిల్. కారణం, ఇవ్వమన్న ఇంజెక్షన్ ఇవ్వలేదట. రోగి కాని మనిషికి సూది గుచ్చనందుకు నర్సు కాకుండా పోయింది ఆ పిల్ల. ఈ ఫలితం వెంటనే చెప్పలేదు, భోజనం తర్వాత చెబుతానన్నాడు. ఆ భోజనం ఎవరు వండాలి? చారు అక్కడే ఉంది, పొయ్యి ఆరిపోయింది. వండననే అనుకున్నాను. కానీ పొద్దుటి నుంచి భయంతో ఏమీ తినని పిల్లలు వంటింటి గుమ్మం దగ్గర పిట్టల్లా నిలబడ్డారు. వాళ్ల కోసం వండాను. సారు కూడా కూర్చున్నాడు. రెండోసారి చారు పోయించుకున్నాడు కూడా, "స్వాద్ ఉంది" అన్నాడు, రుచిగా ఉందట. పిచ్చిదాని చేతి చారు తాగొచ్చా అని అడుగుదామనుకున్నాను, గరిటె గట్టిగా పట్టుకుని ఊరుకున్నాను.

చేయి కడుక్కుని, వరండాలో నిలబడి ఫలితం చెప్పి జీపెక్కాడు. అప్పుడు తెలిసింది నాకు, బక్కపిల్ల సంగతి. ఎట్లా పరిగెత్తానో తెలియదు, జీపు ముందు నిలబడ్డాను. హిందీలో మొదలుపెట్టాను, తిట్లు చాలలేదు, హల్బీలోకి వచ్చాను, అవీ అయిపోయాయి, గోండిలో నాకు వచ్చినవి రెండే, రెండూ అనేశాను, మిగతాదంతా తెలుగే. "నీ నోట్ల మన్ను వడ! పెన్ను వట్టుకుంటే దేవుడివైతవా? సంత తెలియదు, గుడ్ల లెక్క తెలియదు, మనిషిని చూస్తే మనిషో కాదో తెలియదు! నిజం చెప్పిన పిల్లను తప్పిస్తవా? నీ బండి బురదల దిగబడ!" డ్రైవరు హల్బీవాడు, స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాడు. సారు కిటికీలోంచి తల బయటపెట్టి, ట్యూటరమ్మతో చాలా మెత్తగా "మందులు మొదలుపెట్టండి" అన్నాడు. జీపు నన్ను తప్పించుకుని వెళ్లిపోయింది. (ఎక్కడా దిగబడలేదు. దారి పొడుగునా బాగానే పోయిందట.)

కొన్నాళ్లకు బక్కపిల్ల నాన్న వచ్చాడు, గుడ్డల మూట కట్టుకుని, బిడ్డను మిరపతోటకు తీసుకుపోదామని. నేను గరిటెతోనే బయటికి వచ్చాను. "ఏంది పెద్దయ్యా, ఎటు తీస్కపోతున్నవు? ఆర్నెల్లల్ల మళ్ల పరీక్ష ఉన్నది. పిల్ల యాడికీ రాదు" అన్నాను. ఆయన నెమ్మదస్తుడు. రెండడుగులు వెనక్కి వేసి, నన్ను కిందినుంచి పైదాకా చూసి, "నీకు ఒంట్ల బాగలేదంటగా బిడ్డా. బస్సుల చెప్పుకుంటున్నరు. కోపం చేసుకోకు, తల్లీ, కోపం చేసుకోకు. ఉంచుకో పిల్లను. నేను పోత" అని, మూట చంకన పెట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా బస్టాండు వైపు నడిచాడు. భోపాల్ సారు నాకు చేసిన మేలు ఏదైనా ఉంటే అది ఇదొక్కటే, ఆ మేలు కూడా ఆయన తెలిసి చేయలేదు. హాస్టల్లో పేరు తీసేశారు కాబట్టి బక్కపిల్ల ఆ ఆరు నెలలూ నా వంటింట్లోనే పడుకుంది. ట్యూటరమ్మ కిటికీలోంచి పుస్తకాలు అందించేది, నా కళ్లలోకి మాత్రం చూసేది కాదు. ఆమె మీద కోపం నాకు ఎప్పుడు పోయిందో గుర్తు లేదు. పోయిందనే అనుకుంటాను.

ఆ పిల్ల మీద కూడా కోపంగానే ఉండేది. ఒక రోజు ఉల్లిగడ్డలు తరుగుతుంటే అడిగేశాను. "ఎందుకు చెప్పినవే ఆ ముసలోనికి? సూది గుచ్చేస్తే అయిపోవు గద. నేనెట్లనో దిగి వచ్చేదాన్ని."

"ఎట్ల దిగుతవక్కా? వాళ్లు ఏమడిగినా నువ్వు నిజమే చెప్తవు. జల్మల నిన్ను ఇడిసిపెట్టకపోదురు."

నవ్వాలో, కొట్టాలో తెలియలేదు. కొట్టడానికి చేయి ఎత్తాను, ఆ చేతినిండా ఉల్లి తొక్కలే ఉన్నాయి.

రెండోసారి వేరే సారు వచ్చాడు, ఆ పిల్ల పాసైంది. ఇప్పుడు పెద్ద నర్సు, తన కింద చాలామంది ఉన్నారు, లావైంది కూడా. నేను మాత్రం బక్కపిల్ల అనే పిలుస్తాను, ఆమె చుట్టూ ఉన్న పిల్ల నర్సులు మొహాలు చూసుకుంటారు.

కోపం మంచిది కాదని ఈ మధ్య అందరూ చెబుతున్నారు, బీపీ ఉందట, పడుకుని నెమ్మదిగా ఊపిరి తీయాలట. పడుకుని ఊపిరి తీస్తుంటే అప్పుడప్పుడు అప్పటి వంటక్క కనిపిస్తుంది. దుమ్ములో, జీపుకు అడ్డంగా, సగం ఊడిన ముడితో, నాలుగు భాషల్లో గొంతు చించుకుంటూ, ఎదుటివాడికి సగం కూడా అర్థం కావడం లేదని తెలియని పిల్ల. ఎంత సన్నగా ఉందో, ఎంత ఎండలో నిలబడిందో ఇప్పుడు తెలుస్తోంది. ఊరుకోవే అని ఆమెతో అనను. దగ్గరికి పోయి, గ్లాసెడు నీళ్లు ఇచ్చి, తాగి మళ్లీ మొదలుపెట్టు అంటాను.